పాత పికప్‌కు యాక్సిల్ సంబంధం

గంటకు డెబ్బై కిలోమీటర్లు దాటగానే వెనక నుంచి సన్నగా ఊళ మొదలవుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆగుతుంది, తొక్కితే మళ్లీ వస్తుంది. మొదటి నెల టైర్ల చప్పుడులే అని సరిపెట్టుకుంటారు. రెండో నెల రేడియో శబ్దం పెంచుతారు. మూడో నెలకి గేరు వేసి క్లచ్ వదలగానే బండి కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు ‘టంగ్’మని వినిపిస్తుంది. అప్పుడు గానీ బండి మెకానిక్ దగ్గరికి చేరదు. ఆయన వెనక మూత విప్పి, గేర్ ఆయిల్‌లో వేలు ముంచి ఎండలోకి చాపుతాడు. వేలి మీద వెండి పొడి అద్దినట్టు మెరుపు. అరిగిపోయిన పళ్ల ఇనుమే అది.

అమెరికాలో ఇది రోజూ ఏదో ఒక ఊళ్లో జరిగే ముచ్చటే. అక్కడ రోడ్డు మీద తిరిగే కార్లు, పికప్‌ల సగటు వయసు 2024లో 12.6 ఏళ్లు. ఇంటి ముందు ముప్పై ఏళ్ల ఫోర్డో షెవర్లేనో పెట్టుకుని, గడ్డి మోపులకూ పడవ లాగడానికీ కలప తెచ్చుకోవడానికీ వాడుకునేవాళ్లు కోకొల్లలు. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1948లో మొదలైంది. 1977 నుంచి ఆ దేశంలో ఎక్కువగా అమ్ముడుపోయే పికప్ అదే. ఇన్ని బండ్లు అమ్ముడయ్యాయంటే తుక్కు యార్డుల్లోనూ అన్నే పడి ఉంటాయి. అంటే విడిభాగానికి కొరత లేదు. మరి చిక్కెక్కడ? సరైనదాన్ని గుర్తుపట్టడంలో.

పికప్‌కు వెనక రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఉండే ఇనుప దూలాన్నే యాక్సిల్ అంటారు. మన లారీ మెకానిక్‌లు మొత్తాన్ని కలిపి ‘హౌసింగు’ అనేస్తారు. మధ్యలో కుండలా ఉబ్బిన చోట క్రౌన్, పినియన్ ఉంటాయి. ఇంజను నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ పినియన్‌ను తిప్పుతుంది, పినియన్ క్రౌన్‌ను తిప్పుతుంది. పొడవునా వచ్చే తిరుగుడు అక్కడ పక్కకు మళ్లి, రెండు యాక్సిల్ రాడ్ల ద్వారా చక్రాలకు చేరుతుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కనుక వాటి మధ్య సర్దుబాటు చేసే పళ్ల చక్రాలు కూడా అక్కడే ఉంటాయి. డిఫరెన్షియల్ అనేది వాటినే. ఫ్రాన్స్‌కు చెందిన ఒనేసిఫోర్ పెక్యూర్ ఆవిరి బండి కోసం 1827లో ఆలోచించిన ఏర్పాటది. పెట్రోలు కారు పుట్టడానికి అర్ధ శతాబ్దం ముందే పుట్టిందన్నమాట. పినియన్‌ను క్రౌన్ నడిమధ్యకు కాకుండా కాస్త కిందికి జరిపి కూర్చోబెట్టే హైపాయిడ్ పళ్లు 1926లో ప్యాకార్డ్ కార్లలో వచ్చాయి. దాంతో ప్రొపెల్లర్ షాఫ్ట్ కిందికి దిగింది, కారు నేలా దిగింది. అలాంటి పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి కాబట్టే మామూలు ఇంజన్ ఆయిల్ వాటికి సరిపోదు. ముక్కు పుటాలు అదిరేలా గంధకపు వాసన కొట్టే గేర్ ఆయిల్ పోసేది అందుకే.

పళ్లు అరిగితే పళ్లే మార్చుకోవచ్చు కదా, దూలం మొత్తం ఎందుకు అన్న అనుమానం సహజం. మార్చవచ్చు. కానీ క్రౌన్‌కూ పినియన్‌కూ మధ్య ఉండాల్సిన సందును అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. ఫోర్డ్ పికప్‌లలో వచ్చే 8.8 అంగుళాల (అది క్రౌన్ వ్యాసం) యాక్సిల్‌కు ఆ సందు ఎనిమిది నుంచి పదిహేను వెయ్యో వంతులు. దాని కోసం కాగితం మందం రేకులు ఒక్కొక్కటే వేస్తూ, తీస్తూ, పళ్లకు రంగు పూసి తిప్పి, ఆ రంగు ఎక్కడ చెరిగిందో చూసుకుంటూ కూర్చోవాలి. పినియన్ లోతు, బేరింగుల బిగింపు, ఈ సందు మూడూ కుదరాలి. ఒకటి సర్దితే ఇంకోటి కదులుతుంది. ఓపికా పనిముట్లూ ఉన్న మెకానిక్‌కు కూడా ఇది పూటంతా పట్టే పని, కూలీ కూడా అందుకు తగ్గట్టే. ఫ్యాక్టరీలో ఒకసారి కుదిరి, బాగా నడుస్తున్న యాక్సిల్‌ను ఇంకో బండి కింది నుంచి తీసి పెట్టుకుంటే ఈ తతంగమంతా తప్పుతుంది. పైగా 8.8 లాంటి వాటిలో చక్రం దగ్గరి బేరింగు రోలర్లు నేరుగా యాక్సిల్ రాడ్డు మీదే దొర్లుతాయి. బేరింగు పాడైతే రాడ్డూ గాట్లు పడుతుంది. బేరింగు, రాడ్డు, సీలు, క్రౌన్, పినియన్ అని లెక్క రాసుకుంటూ పోతే చివరికి పాత హౌసింగే చౌకగా తేలుతుంది.

అక్కడి దాకా బాగానే ఉంది. ఇప్పుడు యార్డుకు ఫోన్ చేసి “1990 ఎఫ్-150కి వెనక యాక్సిల్ కావాలి” అన్నారనుకుందాం. అవతలివాడు అనుభవజ్ఞుడైతే వెంటనే అడిగే మాట ఒకటే: “డోరు మీద కోడ్ ఎంత?”

డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. అందులో ‘యాక్సిల్’ అన్న గడి కింద రెండక్షరాలు. 19 అని ఉంటే 3.55 నిష్పత్తి, మామూలు డిఫరెన్షియల్. హెచ్9 అని ఉంటే అదే 3.55, కానీ లిమిటెడ్ స్లిప్. అంటే ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతున్నా రెండోదానికి కొంత బలం అందించే రకం. బీ6 అంటే 3.73 లిమిటెడ్ స్లిప్. పెళ్లి సంబంధానికి వెళ్తూ జాతకం చేత పట్టుకున్నట్టు ఈ రెండక్షరాలు చేత పట్టుకోకుండా యార్డుకు వెళ్లినవాళ్లలో సగం మంది రెండోసారి వెళ్తారు.

నిష్పత్తి అంటే బ్రహ్మవిద్యేం కాదు. క్రౌన్‌కు 39 పళ్లు, పినియన్‌కు 11 ఉంటే 39ని 11తో భాగించాలి. దాదాపు 3.55 వస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ మూడున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. 41, 10 అయితే 4.10. ఈ అంకె పెరిగే కొద్దీ బండికి లాగే సత్తువ పెరుగుతుంది, ఇంజను ఎక్కువ తిరగాల్సి వస్తుంది. పికప్‌కు సాధారణంగా వేసే 29 అంగుళాల ఎత్తు టైరుతో, గేర్‌బాక్స్ ఒకటికి ఒకటి తిప్పే గేరులో, గంటకు వంద కిలోమీటర్ల దగ్గర 3.08 యాక్సిల్ ఉన్న ఇంజను నిమిషానికి దాదాపు 2,200 చుట్లు తిరుగుతుంది. అదే బండి కింద 4.10 పెడితే దాదాపు 3,000. బయటి నుంచి చూస్తే రెండు హౌసింగులూ కవల పిల్లలు. తేడా పెట్రోలు బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

స్టిక్కరు చెరిగిపోయిన బండ్లకు ఇంకో దారుంది. ఫోర్డ్ యాక్సిల్ మూత బోల్టుకు చిన్న రేకు బిళ్ల వేలాడుతూ ఉంటుంది. మట్టి గోకితే ‘3 55’ అనో ‘3ఎల్55’ అనో కనిపిస్తుంది. అంకెల మధ్య ఆ ‘ఎల్’ ఉందంటే లిమిటెడ్ స్లిప్. అయితే ముప్పై ఏళ్లలో ఎవరో ఒకరు మూత విప్పి, బిళ్లను నేల మీద పెట్టి మరిచిపోవడం మామూలే. అప్పుడు నేల మీద పడుకోవడమే. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి, చక్రాలు రెండూ లేపి, ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. షాఫ్ట్ మీది గీత ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. రెండు చుట్లే ఎందుకంటే, ఒక చక్రం ఆగి ఉన్నప్పుడు డిఫరెన్షియల్ సగం తిరుగుడును మింగేస్తుంది. ఈ సంగతి తెలియక ఒకే చుట్టు తిప్పి, ‘ఇదేంటి 1.77 వచ్చింది’ అని తల గోక్కునేవాళ్లుంటారు. లిమిటెడ్ స్లిప్ యాక్సిల్ అయితే ఒక చక్రాన్ని పట్టుకుని రెండోదాన్ని తిప్పడమే కష్టం. ఆ కష్టమే దాని గుర్తు. దానికి రెండు చక్రాలనూ ఒకేవైపు ఒక్క చుట్టు తిప్పి లెక్క చూసుకోవాలి.

నిష్పత్తి కలిసిందంటే ఒక పొంతన కుదిరినట్టు. మిగతావి చాలా ఉన్నాయి.

ఆ 1990 ఎఫ్-150నే తీసుకుందాం. చక్రానికి అయిదు బోల్టులు. వాటిని కలుపుతూ వలయం గీస్తే దాని వ్యాసం అయిదున్నర అంగుళాలు. 1997లో ఎఫ్-150 కొత్త రూపంతో వచ్చింది. 8.8 యాక్సిల్ కొనసాగింది, బోల్టులూ అయిదే. కానీ వలయం 135 మిల్లీమీటర్లకు మారింది. అయిదున్నర అంగుళాలంటే 139.7 మిల్లీమీటర్లు. తేడా అయిదు మిల్లీమీటర్ల లోపే, కంటికి ఆనదు. యాక్సిల్ తెచ్చి, కమాన్ కట్టల కింద బిగించి, చివర్న చక్రం ఎక్కించబోతే అప్పుడు ఎక్కదు. 2004కి వచ్చేసరికి ఆరు బోల్టులయ్యాయి కనుక కనీసం ఆ తప్పు దూరం నుంచే కనబడుతుంది.

వెనక్కి పోయినా చిక్కే. ఫోర్డ్ వాళ్ల 9 అంగుళాల యాక్సిల్ 1957లో మొదలై 1986 దాకా వచ్చింది. పాత బండ్ల అభిమానులకు అదంటే ప్రాణం. దానికి వెనక మూత ఉండదు. క్రౌన్, పినియన్ కూర్చున్న ముద్ద మొత్తాన్ని ముందు నుంచి విప్పి బయటికి లాగవచ్చు. 8.8 అలా కాదు, వెనక మూత విప్పి చేతులు లోపల పెట్టి పని చేయాలి. పైగా 8.8లో యాక్సిల్ రాడ్డును లోపల గుర్రపు నాడా ఆకారంలో ఉండే చిన్న క్లిప్పు పట్టి ఉంచుతుంది. రాడ్డు మధ్యలో విరిగిందా, చక్రంతో సహా బయటికి జారి వచ్చేస్తుంది. అందుకని ‘9 అంగుళాలదే పెట్టేద్దాం’ అనిపించడం సహజం. కానీ 1987 నుంచి ఎఫ్-150కి వెనక చక్రాల బ్రేకులు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు వచ్చింది. దాని సెన్సర్ డిఫరెన్షియల్ పైభాగాన ఒక రంధ్రంలో కూర్చుంటుంది. 1986 నాటి హౌసింగుకు ఆ రంధ్రమే లేదు. పెడితే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉంటుంది. 1992 తర్వాతి బండ్లలో స్పీడోమీటరు కూడా ఆ సెన్సర్ మాట వినే నడుస్తుంది కాబట్టి ముల్లు సున్నా దగ్గరే నిలబడిపోతుంది. చక్కగా నడిచే యాక్సిల్, ఎంత వేగమో చెప్పలేని బండి.

ఇక నాలుగు చక్రాలకూ బలం అందే బండి అయితే ముందు యాక్సిల్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ముందూ వెనకా నిష్పత్తులు కలవకపోతే ఎండిన తారు రోడ్డు మీద ముందు చక్రాలు ఒక లెక్కన, వెనకవి ఒక లెక్కన తిరగాలని పెనుగులాడతాయి. మధ్యలో రెండింటికీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ నలుగుతుంది. ఇక్కడ ఒక చిన్న వింత. ఎఫ్-150 ముందు యాక్సిల్ డానా అనే కంపెనీది. దాని పళ్ల లెక్క 46కు 13, అంటే 3.54. వెనక ఫోర్డ్ సొంత 8.8లో 39కి 11, అంటే 3.55. ఖచ్చితంగా కలవవు. అయినా ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చాయి. ఆ కాస్త తేడాను టైర్ల జారుడు మింగేస్తుంది. 4.09, 4.10 జత కూడా అంతే. 3.55 ఉన్నచోట 3.73 పెడితే మాత్రం మింగలేదు.

జనరల్ మోటార్స్ బండ్ల వాళ్లకు జాతకం తలుపు మీద కాదు, డ్యాష్‌బోర్డు అరలో దొరుకుతుంది. అర మూతకు అంటించిన కాగితం మీద మూడేసి అక్షరాల కోడ్‌లు బారులు తీరి ఉంటాయి. జీయూ6 అంటే 3.42, జీటీ4 అంటే 3.73, జీటీ5 అంటే 4.10. వాటితో పాటు జీ80 కనబడితే లాకింగ్ డిఫరెన్షియల్. ఆ కాగితం చిరిగిపోతే మూత బోల్టులు లెక్కపెట్టడం పాత అలవాటు. పది బోల్టులు, పన్నెండు బోల్టులు, పద్నాలుగు బోల్టులు అని ఆ యాక్సిళ్లకు వాడుక పేర్లే అలా స్థిరపడ్డాయి.

షెవర్లే వాళ్లూ ఒక మెలిక పెట్టారు. 1967 నుంచి 1972 దాకా వచ్చిన సీ10 పికప్‌లు చూపులకు ఒకేలా ఉంటాయి. అమెరికాలో పాత పికప్ అంటే చాలామంది కళ్ల ముందు మెదిలే రూపం అదే. 1970 బండికి చక్రానికి ఆరు బోల్టులు, 1971 బండికి అయిదు. పైగా ఆ తరం సీ10లలో ఎక్కువ వాటికి వెనక కమాన్ కట్టలు ఉండవు. పొడవాటి ఇనుప చేతులు యాక్సిల్‌ను పట్టుకుంటే, చుట్టల స్ప్రింగులు బరువు మోస్తాయి. 1973 నుంచి కమాన్ కట్టలు వచ్చాయి. ఆ ఏడాది తర్వాతి యాక్సిల్‌ను నేరుగా 1972 బండి కింద పెట్టాలంటే అది కూర్చునే చోటే ఉండదు.

ఇన్ని తేడాలను ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అమెరికా తుక్కు యార్డుల్లో ఆ పని చేసింది ఒక పుస్తకం. 1934లో మొదలైన హాలండర్ ఇంటర్‌చేంజ్ అనే ఆ లావుపాటి గ్రంథంలో, ఏ బండి భాగం ఏయే బండ్లకు మార్పు లేకుండా సరిపోతుందో అంకెల్లో రాసి ఉంటుంది. ఒకదానికొకటి సరిపోయే భాగాలన్నిటికీ ఒకే అంకె. అది చుట్టరికాల చిట్టా అనుకోవచ్చు. ఫలానా ఏడాది పికప్ యాక్సిల్‌కు ఫలానా వ్యాన్ యాక్సిల్ అన్నదమ్ముడు, ఫలానాది దాయాది, పోలిక ఉన్నా వావి కాదు అని చెప్పేస్తుంది. తర్వాత అది కంప్యూటర్లకు ఎక్కింది. ఈ రోజు టెక్సాస్ కౌంటర్ వెనక కుర్రాడు మీటలు నొక్కి, మరో రాష్ట్రంలో ఏ వరసలో ఏ బండి కింద సరిపడే యాక్సిల్ ఉందో చెప్పగలగడానికి పునాది ఆ అంకెలే. 1998లో మొదలైన ఎల్‌కేక్యూ లాంటి పెద్ద సంస్థలు ఈ వ్యాపారాన్ని దేశమంతా పరిచాయి. కానీ మనమే పానాలు పట్టుకెళ్లి, మనమే విప్పుకుని, గేటు దగ్గర డబ్బు కట్టే యార్డులే ఎక్కువమందికి ఇష్టం. చౌక అనే కాదు. విప్పేటప్పుడు భాగం లోపలా బయటా స్వయంగా చూసుకోవచ్చు.

హాలండర్ పుస్తకం ‘మార్పు లేకుండా సరిపోయేవి’ మాత్రమే చెబుతుంది. కొంచెం మార్పుతో సరిపోయేవి చెప్పేది మెకానిక్‌ల నోటి మాట. ఫోర్డ్ రేంజర్ అనే చిన్న పికప్ వాళ్లలో అలాంటి మాట ఒకటి బాగా ప్రచారంలో ఉంది. 1995 నుంచి 2001 వరకు వచ్చిన ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్ తెచ్చి రేంజర్‌కు పెట్టడం. అదీ 8.8దే. చక్రానికి అయిదు బోల్టులు, నాలుగున్నర అంగుళాల వలయం, రెండింటికీ అదే. రాడ్డు చివర గాడులు రేంజర్‌కు 28 అయితే ఎక్స్‌ప్లోరర్‌కు 31, అంటే మరింత లావు రాడ్డు. పైగా డ్రమ్ములకు బదులు డిస్క్ బ్రేకులు. ఇంత మంచి సంబంధానికి అడ్డుపుల్ల ఒకటే. రేంజర్‌లో కమాన్ కట్టలు యాక్సిల్ మీద కూర్చుంటాయి, ఎక్స్‌ప్లోరర్‌లో కింద వేలాడతాయి. అందువల్ల కట్ట కూర్చునే ఇనుప పీటలు కోసేసి, పైవైపు కొత్త పీటలు వెల్డింగ్ చేయాలి. ఇక్కడే ప్రాణం మీదికి తెచ్చుకునేది. పీట రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే పినియన్ ముక్కు తప్పు దిక్కు చూస్తుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు వణుకుతాయి. ఒకేచోట ఆపకుండా వెల్డింగ్ చేస్తే వేడికి యాక్సిల్ గొట్టమే వంగుతుంది. తెలిసినవాళ్లు బండిని నేల మీద దాని బరువుతో నిలబెట్టి, కోణం కొలిచి, పీటను చుక్కలుగా అతికి, తర్వాత అటొక అంగుళం ఇటొక అంగుళం చొప్పున పూర్తి చేస్తారు.

యార్డులో అసలు పరీక్ష మూత విప్పాకే. మంచి యాక్సిల్‌లో ఆయిల్ నల్లగా ఉన్నా నునుపుగా ఉంటుంది. పాలు కలిపిన టీ రంగులో ఉందంటే నీళ్లు చేరాయి. వరదలో మునిగిన బండి అయి ఉండొచ్చు. ఇంకో కారణమూ ఉంటుంది, అది ఇంకా చికాకు. నిష్పత్తి చూద్దామని ముందొచ్చినవాడెవడో మూత విప్పి, తనకు పనికిరాదని తెలుసుకుని, అలాగే వదిలేసి పోతాడు. వారం వానలో క్రౌన్ పళ్ల మీద తుప్పు పూలు పూస్తాయి. పళ్ల అంచులు నీలంగా మారితే ఆయిల్ లేకుండా వేడెక్కిందని గుర్తు. పినియన్‌ను చేత్తో పట్టుకుని ముందుకు వెనక్కు లాగితే కదలకూడదు, గుండ్రంగా తిప్పితే మాత్రం కాస్త సందు ఉండాలి. వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం ఉన్న బండి జీవితమంతా బరువు లాగిందని అర్థం. దాని యాక్సిల్‌ను వద్దనక్కర్లేదు, ఇంకోసారి చూడాలి. పక్క నుంచి వెనక చక్రానికి దెబ్బ తగిలి యార్డుకు చేరిన బండి అయితే ఎంత చౌకగా ఇచ్చినా దండం పెట్టి వచ్చేయాలి. గొట్టం వెంట్రుకవాసి వంగినా టైరు ఒక పక్క అరుగుతుంది.

మంచు కురిసే రాష్ట్రాల్లో మరో శత్రువు ఉప్పు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు యాక్సిల్ గొట్టాన్ని చెదలా తింటుంది. 2010లో ఫోర్డ్ విండ్‌స్టార్ వ్యాన్లు అయిదు లక్షలకు పైగా వెనక్కి పిలిపించారు. ఉప్పు చల్లే ప్రాంతాల్లో వాటి వెనక యాక్సిల్ లోపలి నుంచి తుప్పుపట్టి విరుగుతోందని. అది పికప్ కాదు, దాని యాక్సిల్ కట్టడమూ వేరు. కానీ ఆ కబురు తర్వాత అక్కడి జనానికి ‘అరిజోనా యాక్సిల్’ అంటే ముద్దొచ్చిందంటే ఆశ్చర్యం లేదు. ఎడారి రాష్ట్రాల నుంచి వచ్చిన పొడి ఇనుముకు నాలుగు డాలర్లు ఎక్కువే ఇస్తారు.

ఈ తెలివితేటలన్నీ సముద్రాల అవతలివే అనుకోనక్కర్లేదు. మహీంద్రా వాళ్లు 1940ల చివర మన దేశంలో బిగించడం మొదలుపెట్టిన విల్లీస్ జీపులకు స్పైసర్ యాక్సిళ్లే. ఆ స్పైసర్ సంస్థకే డానా అని పేరు మారింది. రెండో ప్రపంచ యుద్ధపు జీపు ముందు యాక్సిల్, యుద్ధం ముగిశాక పౌరుల కోసం చేసిన సీజే జీపు ముందు యాక్సిల్ ఒకే స్పైసర్ 25 కుటుంబం. యుద్ధపు దానిలో పళ్లు 39కి 8, అంటే 4.88. సీజేలో 43కు 8, అంటే 5.38. యుద్ధం తర్వాత సైన్యం వేలంలో అమ్మేసిన జీపులనూ, కొత్తగా వచ్చిన జీపులనూ కలగలిపి బాగుచేసిన పాత తరం మెకానిక్‌లు ఏ పుస్తకమూ చూడకుండానే మూత విప్పగానే పళ్లు లెక్కపెట్టేవారు. విజయవాడ ఆటోనగర్‌లో ఈ రోజుకీ ‘క్రౌన్ ఎంత, పినియన్ ఎంత’ అన్నదే మొదటి ప్రశ్న. హాలండర్ అంకె అక్కడ మేస్త్రీ తలలో ఉంటుంది.

మన దగ్గర హౌసింగులు పాడయ్యే తీరు మాత్రం వేరు. ఉప్పు కాదు, బరువు. మదనపల్లె మార్కెట్‌కు టమాటా పెట్టెలు ఎత్తుకొచ్చే పికప్‌లో ఎన్ని పడతాయన్నది బండి కంపెనీ కాదు, ఆ రోజు ధర నిర్ణయిస్తుంది. కమాన్ కట్టలకు అదనంగా రెండు ఆకులు వేయించి బరువు మోయించేస్తారు. ఆకులు మోస్తాయి, వాటి కింది గొట్టం మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే. వెనక చక్రాలు పైవైపు లోపలికి వాలినట్టు కనబడితే హౌసింగు నడుం వంగినట్టే. దాన్ని వేడిచేసి సరిచేస్తామనేవాళ్లు ఉన్నారు. సరిచేసిన గొట్టం మళ్లీ అక్కడే వంగుతుంది.

పాత భాగం కొనేచోట బిల్లు అడగడం మనకు మొహమాటం. మేరఠ్‌లోని సోతీగంజ్ బజారు దొంగ బండ్లను విప్పి అమ్ముతుందని పేరు మోసి, చివరికి 2021 డిసెంబరులో పోలీసుల చేతుల మీదుగా మూతపడింది. అదే ఏడాది కేంద్రం బండ్ల తుక్కు విధానం తెచ్చి, రిజిస్టరైన తుక్కు కేంద్రాలకు నిబంధనలు పెట్టింది. ఇంజన్ మీద, ఛాసిస్ మీద ఉన్నట్టు హౌసింగు మీద బండి నంబరు ఉండదు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేది కాగితమే.

సరైన యాక్సిల్ దొరికి ఇంటికొచ్చాక పని సులువు, కాకపోతే బరువు. 8.8 హౌసింగు బ్రేకులతో సహా ఇద్దరు మనుషులకూ భారమే. చక్రాలున్న జాకీ ఉంటే ఒకడు చాలు. కమాన్ కట్టలను బిగించే యూ బోల్టులు మాత్రం పాతవి వాడకూడదు. ఒకసారి సాగిన ఇనుము రెండోసారి అంత గట్టిగా పట్టదు. హ్యాండ్ బ్రేకు తీగలు కొత్త యాక్సిల్ దగ్గరికి అందకపోతే పాత యాక్సిల్ బ్రేకు పలకలే విప్పి దీనికి వేసుకోవచ్చు, కొలత ఒకటైతే. లిమిటెడ్ స్లిప్ అయితే గేర్ ఆయిల్‌తో పాటు ఆ సన్న సీసాలో వచ్చే ఫ్రిక్షన్ మాడిఫయర్ పోయాలి. లేకపోతే మలుపు మలుపుకూ లోపల ప్లేట్లు గరగరలాడతాయి. ఇక అందరూ మరిచేది హౌసింగు మీది సన్నటి ఊపిరి గొట్టం. ఇరవై ఏళ్ల మట్టితో అది మూసుకుపోయి ఉంటే, ఆయిల్ వేడెక్కి లోపల గాలి ఉబ్బి, దారి దొరక్క సీళ్ల గుండా ఆయిల్‌ను బ్రేకుల మీదికి తోస్తుంది. సన్నటి తీగ పెట్టి పొడిస్తే అయిపోయే పని.

పాత యాక్సిల్‌ను చాలా యార్డులు వెనక్కి తీసుకుంటాయి, దాని మీద కట్టించుకున్న డిపాజిట్ తిరిగిస్తాయి. క్రౌన్ పళ్లు అరిగినా ఎడమ రాడ్డు బాగానే ఉండొచ్చు, బ్రేకు డ్రమ్ములు ఉండొచ్చు, మూత ఉండొచ్చు. కౌంటర్ దగ్గరి మనిషి పసుపు పెయింట్ పెన్నుతో గొట్టం మీద ఏడాది, నిష్పత్తి రాసి, పక్కన చిన్న ఎక్స్ గీసి, వెనక షెడ్డులో అలాంటివే ఇంకో ఇరవై ఉన్న అర మీదికి దొర్లిస్తాడు.